బీడు సారు

ఆయన పోయాడన్న మాట అనంతపురం ట్రెజరీ ఆఫీసు వరండాలో నా చెవిన పడింది. పింఛను కాగితాలు పట్టుకుని వచ్చిన మా పాత డ్రిల్లు మాస్టారు నా పక్కన బెంచీ మీద కూలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "బీడు సారు పోయినాడంట కదప్పా. పదకొండు దినాలైందంట. బత్తలపల్లెలో" అన్నాడు. అన్నాక నా ముఖం వంక చూడలేదు. బీడీ వెలిగించుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

విన్న క్షణాన నాకు దుఃఖం కలగలేదు. గుండెల మీద ఏళ్ల తరబడి కూర్చున్నదేదో లేచిపోయినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడటానికి ఇంటికి చేరేదాకా పట్టింది. దాని గురించి రాయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

బీడు సారు అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఉరవకొండకు అవతల ఒక ఊరి హైస్కూల్లో ఆయనా నేనూ ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం. డెబ్బైల నాటి మాట. నేను సోషలు చెప్పేవాణ్ణి. ఆయన సైన్సులో మొక్కలు, జంతువులు చెప్పేవాడు. మా బడి వెనక ఏడెకరాల నేల ఉండేది. బడి పెట్టినప్పుడు ఊరివాళ్లు ఇచ్చింది. దున్నింది లేదు, విత్తింది లేదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ తంగేడు, బలుసు, పరికి కంప, మధ్యలో నాలుగైదు చెదపుట్టలు. ఊరికి అది బీడు. ఆయనకు అదే తరగతి గది.

పొడుగ్గా, ఎండకు కమిలిన మెడతో ఉండేవాడు. చొక్కా పైజేబులో ఎప్పుడూ రెండు మూడు అగ్గిపెట్టెలు. బీడీ, సిగరెట్టు అలవాటు లేదు. ఆ సంగతి తెలియని కొత్తలో నేను స్టాఫ్‌రూములో సిగరెట్టు నోట్లో పెట్టుకుని, ఆయన జేబులోంచి ఒక పెట్టె లాక్కుని తెరిచాను. హాజరుపట్టీ మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు బిలబిలమని పరుగెత్తాయి. ఆయన ఒక్కొక్కదాన్నే వేలి మీదికి ఎక్కించుకుని తిరిగి పెట్టెలోకి దించుతూ, "మెల్లిగా సార్. వీటికి ఏడాదంతా మన్ను కిందే కాపురం. తొలివానకు నాలుగు దినాలు పైకొస్తాయి. ఆ నాలుగింట్లో ఒక దినం మీరు పోగొట్టినారు" అన్నాడు.

చెప్పులు తొడుక్కునే ముందు రెండింటినీ ఎత్తి నేలకేసి ఒక దెబ్బ కొట్టేవాడు. తేలు ఉంటుందేమోనని చిన్నప్పుడు పడిన అలవాటు. ఆఫీసు ముందైనా, గుడి ముందైనా అంతే. ఒక పెళ్లిలో మగపెళ్లివారు అది తమకు చేసిన అవమానమనుకుని మీదికి వచ్చారు. "పెళ్లికి పిల్చినారని తేలుకేం తెలుస్తాదన్నా" అని సర్దిచెప్పబోయి గొడవ ఇంకా పెంచాడు. మేం భోజనం చేయకుండా లేచి రావాల్సి వచ్చింది.

పోయినవాళ్లను మంచివాళ్లని రాయడం తేలిక. ఆయనతో మసలడం మాత్రం తేలిక కాదు. నమస్కారానికి బదులు నమస్కారం ఉండేది కాదు. మనం మాట్లాడుతుంటే మన కాళ్ల దగ్గర నేల చూసేవాడు. మాట మధ్యలో ఆపి, "జరుగు సార్, జరుగు" అని మనల్ని పక్కకు నెట్టేవాడు. మనం ఏ చీమల దారికో అడ్డంగా నిలబడి ఉంటాం.

ఒకరోజు నేను తొమ్మిదో తరగతికి ప్రపంచంలోని గడ్డి మైదానాల గురించి చెబుతున్నాను. ప్రేరీలు, సవన్నాలు, స్టెప్పీలు నల్లబల్ల మీద వరసగా రాశాను. పక్క గది నుంచి ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లల ముందే అడిగాడు.

"ఏం సార్, ప్రేరీలో ఏముంటాదని చెప్తాండారు?"

"గడ్డి ఉంటుంది. వాన తక్కువ కాబట్టి పెద్ద చెట్లు రావు. గడ్డి తినే జంతువులు, వాటిని తినే జంతువులు ఉంటాయి."

"కిటికీలో నుంచి జూడండి. ఆడేముండాది?"

పిల్లలందరూ కిటికీ వైపు తిరిగారు. వెనక ఏడెకరాల గడ్డి గాలికి ఊగుతోంది.

"అది బీడు సార్" అన్నాను.

"అమెరికాలో ఉంటే ప్రేరీ. మనూర్లో ఉంటే బీడు" అని వెళ్లిపోయాడు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నేను చాలా కాలం మరిచిపోలేదు. నేను తర్వాత చేసిన పనికి అదొక కారణమేమో అని కూడా ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆయన పాఠం ఒక తాడుతో మొదలయ్యేది. బీడులో నాలుగు మేకులు కొట్టి, గజం పొడుగు, గజం వెడల్పున తాడు కట్టేవాడు. అలాంటి చదరాలు పది. ఒక్కోదాని చుట్టూ నలుగురైదుగురు పిల్లలు పీరియడంతా కూర్చుని చూడాలి, చూసింది రాయాలి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. "ఏం తింటాదో చూడు. దాన్నేది తింటాదో చూడు. పేరు కడాకు అడుగు" అనేవాడు. ఎండాకాలంలో పిల్లలు పైపైన ఒక చూపు చూసి "ఏమీ లేదు సార్" అని రాసేవాళ్లు. అలా రాసిన పిల్లవాడితోబాటు తనూ గొంతుకూర్చుని, వాడికి ఏదో ఒకటి కనబడేదాకా లేచేవాడు కాడు.

ఒకసారి నన్నూ కూర్చోబెట్టాడు. మార్చి నెల. ఉదయం పదకొండు గంటలకే నేల కాలుతోంది. నాకు కనిపించింది ఎండిన గడ్డి, ఎర్రమన్ను, అంతే. పావుగంట గడిచాక చీమలు కనబడ్డాయి. గడ్డిగింజలు నోట కరుచుకుని ఒక చిన్న బొరియలోకి పోతున్నాయి. బొరియ చుట్టూ గింజలు ఒలిచి పారేసిన పొట్టు, ఉంగరంలాగా.

"ఆ పొట్టులో తప్పిపోయిన గింజలు కొన్ని ఉంటాయి సార్. తొలివానకు మొలకెత్తేది ముందు ఆడనే. చుట్టూ గట్టినేల. చీమ తవ్విన చోటే మన్ను గుల్లగా ఉంటాది, నీళ్లు దిగుతాయి. గడ్డి చీమకు తిండి పెట్టె, చీమ గడ్డికి సేద్యం చేసె."

"మరి మనకేం పని ఇందులో?"

"చూసేదే పని. చూడకుండా చెయ్యి పెట్టకుండేదే పని" అన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న నెమ్మది ఇంకెక్కడా, ఆయన ఇంట్లో కూడా నేను చూడలేదు.

పిల్లల రాతల్లో ఒకరి రాత ఆయనకు ప్రాణం. తొమ్మిదో తరగతి పాప. వాళ్ల నాయనకు ఊరి పడమట నాలుగెకరాల మెట్ట ఉండేది. సన్నగా, ఎప్పుడూ తలకు కాస్త నూనె ఎక్కువైనట్టు ఉండే పిల్ల. తరగతిలో నోరు విప్పేది కాదు. ఆ పాప పుస్తకం తెచ్చి ఆయన స్టాఫ్‌రూములో మాకు చదివి వినిపించేవాడు. "ఈ దినం తాడు లోపల మూడు నీడలు ఉన్నాయి. మధ్యాహ్నానికి ఒకటి మిగిలింది. నీడ జరిగితే తొండ కూడా జరిగింది." ఈ మూడు వాక్యాలు చదివి, పుస్తకం మూసి, "నాకు డిగ్రీలో మూడేండ్లు చెప్పినారు. ఈ మాట ఎవురూ చెప్పలేదు" అన్నాడు.

పాముల పాఠం కూడా బీడులోనే. ఎలుకలు మెండుగా ఉన్న ఊళ్లో జెర్రిపోతును కొట్టడం తెలివితక్కువ పని అని ఆయన పంతం. ఆ రోజుల్లో చర్మాల కోసం జెర్రిపోతులను పట్టించేవాళ్లు ఊళ్లమ్మట తిరిగేవారు. ఊరివాళ్లు కనిపించిన పామునల్లా కొట్టేవాళ్లు. ఆయన కుబుసాలు తెచ్చి, వరండాలో సున్నంతో ఒక్కో పామునూ దాని పొడవుకు తగ్గట్టు గీసి, జెర్రిపోతు తల ఎలా ఉంటుందో, నాగుపాము తల ఎలా ఉంటుందో, పింజరి ఎలా చుట్టుకుంటుందో గంటలకొద్దీ చెప్పేవాడు.

ఇక ఆ ఏడెకరాల సంగతి. వేరుశనగకు గిరాకీ పెరిగిన కాలం అది. ఊళ్లో కొర్ర, సజ్జ, జొన్న ఒక్కొక్కటే తగ్గిపోయి, గట్ల మీది కంపలు కూడా నరికి చాలుకు చాలు కలుపుతున్నారు. ఎక్కడ బీడు కనిపిస్తే అక్కడ నాగలి దిగింది. మా బడి కమిటీ ప్రెసిడెంటు కన్ను బడి వెనక నేల మీద పడింది. ఆయన ఊరికి పెద్ద. ఆయన మాట మీదే ఊరు నడిచేది. ఆయన పెరట్లోని రెండు గదుల ఇంట్లోనే మా కాపురం. అప్పటికి హెడ్మాస్టరు రిటైరై, సీనియారిటీ కొద్దీ నేను ఇన్‌చార్జి అయ్యాను.

ప్రెసిడెంటు ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి, బీడు సారును కూడా పిలిపించాడు.

"ఏడెకరాలు ఊరికే పడుండాది. శెనక్కాయ ఏసుకుంటే రెండేండ్లలో రెండు గదులు లేస్తాయి. ఆరో తరగతి పిల్లోళ్లు చెట్టుకింద కూర్చుని మాడతాండారు. ఏమంటావు సారూ?"

"ఊరికే యాడ పడుండాదన్నా? గడ్డి ఉండాది, పిట్ట ఉండాది, నూరుమంది పిల్లోళ్ల చదువు ఉండాది. ఊరికే పడుండేది నీ అరుగు మీద కూర్చునే జనం."

ప్రెసిడెంటు ముఖం మారింది. అయినా గొంతు పెంచలేదు. "నీ గడ్డి కోసరం పిల్లోళ్ల నెత్తిన కప్పు వద్దంటావా?"

"కప్పు వద్దంటాన్నా నేను? కప్పు గవర్నమెంటు నడుగు, నేనూ వచ్చి అడుగుతా. జొన్న కోస్తే మోడన్నా నిలుస్తాది. శెనక్కాయను వేర్లతో సహా పెరుకుతావు. గాలికాలంలో ఈ మన్నును పట్టుకునేది ఏముంటాది? మూడేండ్లు పండుతాది. తర్వాత ఏమి చేస్తావు?"

"మూడేండ్లు కానీ, తర్వాత జూద్దాం" అని ప్రెసిడెంటు లేచి వెళ్లాడు. బీడు సారు ఆ వారమే జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. పాఠాలకు వాడుతున్న నేల అని రాశాడు. విచారణ పేరుతో సంగతి ఏడాది పైగా అక్కడే ఆగింది. ఆ ఏడాదంతా ప్రెసిడెంటు నన్ను ఉదయం పూట పలకరించినప్పుడల్లా, "మీ స్నేహితుడు బాగుండాడా?" అని అడిగేవాడు.

కాయ పీకే దినాలు వచ్చాయి. పాప వాళ్ల మెట్టలో పెరికిన శనక్కాయ చెట్లు కుప్ప వేసి, ఇంటిల్లిపాదీ కాయ కోస్తున్నారు. బడికి సెలవు. కుప్ప అడుగున పాము కదిలింది. వాళ్ల అన్న కట్టె ఎత్తాడు. పాప అడ్డం పోయింది. "కొట్టద్దన్నా. జెర్రిపోతు అది. ఎలకల కోసరం వచ్చింది" అంది. ఆమె చూసింది తోక మాత్రమే. పాము కుప్పలోకి దూరింది. వెళ్లిపోయి ఉంటుందనుకుని అందరూ మళ్లీ పనిలో పడ్డారు. గంట తర్వాత పాప ఆ వైపు చెయ్యి పెట్టింది. అది నాగుపాము.

వాళ్లు ముందు పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి మోసుకుపోయారు. బీడు సారుకు తెలిసి సైకిలు మీద అక్కడికి పోయేసరికి పాప కళ్లు తెరిచి నిలుపలేకపోతోంది. ఆయన మంత్రగాణ్ణి తోసి, వాళ్ల నాయన కాళ్లు పట్టుకుని, రోడ్డు మీదికి తెచ్చి, శనక్కాయ మూటలతో పోతున్న లారీకి అడ్డం పడి ఆపాడు. అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరారు. దారి పొడుగునా ఆయన పాపను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూతపడనీయకుండా మాట్లాడిస్తూనే ఉన్నాడట. లారీ కూడేరు దాటకముందే ఊపిరి ఆగిపోయింది.

నేను ఆ సాయంకాలం వాళ్లింటికి వెళ్లాను. బీడు సారు వాకిట్లో ఒక మూల నిలబడి ఉన్నాడు. పాప తల్లి లేచి వచ్చి ఆయన చొక్కా పట్టుకుని, "పామును కొట్టద్దని నువ్వే కదా చెప్పింది సారూ" అని ఒక్క మాటే అడిగింది. ఆయన "అవునమ్మా" అన్నాడు. తల చూడకుండా పేరు చెప్పకూడదని వంద సార్లు చెప్పానని అనలేదు. మంత్రగాడి దగ్గర పోయిన పొద్దు గురించీ అనలేదు. జనమంతా ఆ "అవునమ్మా" విన్నారు. వాళ్లకు అది చాలింది.

పరీక్షకని తెచ్చిన తొమ్మిదో తరగతి పుస్తకాలన్నీ నా గదిలోని బీరువాలో ఉన్నాయి. మర్నాడు తలుపు వేసుకుని పాప పుస్తకం వెతికి తీశాను. పాముల పాఠం పేజీ దొరికింది. గుండ్రటి అక్షరాలు. "తోక చూసి పాము పేరు చెప్పకూడదు. తల కనిపించకుంటే దాన్ని విషపు పాము అనే అనుకోవాలి. దూరం జరగాలి. పాము పోయిన చోట చెయ్యి పెట్టకూడదు. పెద్దవాళ్లను పిలవాలి. కరిస్తే మంత్రగాడు వద్దు, ఆసుపత్రి." కింద ఎర్ర సిరాతో ఆయన సంతకం.

అది ఊరి మధ్యలో పెట్టి చదివితే పాప తల్లి ఆయన చొక్కా వదిలేసేదో లేదో నాకు తెలియదు. పోయిన పిల్ల తప్పు అని చెప్పినట్టు అవుతుందని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన నాకు బాగా పనికొచ్చింది. పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. తెల్లవారి నీళ్లపొయ్యిలో పెట్టాను. ఆ రోజు స్నానానికి నీళ్లు వేడిగా కాగాయి. నేను స్నానం చేసి బడికి వెళ్లాను.

ప్రెసిడెంటు కాగితం రాయించే తెచ్చాడు. పాఠ్యపుస్తకంలో లేని సంగతులు చెప్పి పిల్లలను పాముల జోలికి పంపుతున్నాడని, దానివల్ల ఒక పాప ప్రాణం పోయిందని, ఆయన ఈ ఊళ్లో ఉంటే శాంతి ఉండదని అందులో ఉంది.

"సంతకం చెయ్యి సారూ. నువ్వు రాసింది కాదు కదా, ఊరు రాసింది. నువ్వు దాన్ని పైకి పంపేదే" అన్నాడు.

చేశాను. సాక్షిగా డ్రిల్లు మాస్టారు చేశాడు. ప్రెసిడెంటు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పాప పుస్తకాలు ఏమన్నా ఉంటే వాళ్లింటికి పంపీ. తల్లి అడుగుతాంది" అన్నాడు. అవేవీ లేవన్నాను.

బదిలీ ఉత్తర్వు మూడు వారాల్లో వచ్చింది. జిల్లాకు ఆ చివర ఎక్కడో. ఆయన పోయే రోజు బస్సు దగ్గరికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట. భార్యాపిల్లలు అప్పటికే బత్తలపల్లె పుట్టింటికి వెళ్లిపోయారు.

"ఆ పాప పుస్తకం మీ బీరువాలో ఉండల్ల సార్. చూసినారా?"

"వెతికాను సార్. కనబడలేదు."

ఆయన మొదటిసారి నేల చూడకుండా నా ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. అంత ఓపికగా ఆయన తాడు లోపలి నేలను చూడటం నేనెరుగుదును. తర్వాత, "పోనీలే" అన్నాడు. బస్సు కదిలే ముందు కిటికీలోంచి, "ఆ పాపది తప్పేమీ లేదు సార్. తోక జూస్తే ఎవురైనా అట్లే అనుకుంటారు. నేను ఇంకో తూరి చెప్పింటే బాగుండు" అన్నాడు.

ఆ వేసవిలో ట్రాక్టరు వచ్చి రెండు పూటల్లో ఏడెకరాలూ దున్నేసింది. మా తరగతి కిటికీల్లోంచి పిల్లలు చూశారు. ఊళ్లో చెవులపిల్లులనే కుందేళ్లు రోడ్డు మీదికి పరుగెత్తాయి. ఊరివాళ్లు కర్రలతో కాచుకుని పట్టుకున్నారు. కౌజుపిట్టల గుడ్లు చాళ్లలో చితికిపోయాయి. గద్దలు, కాకులు రెండు రోజులు ట్రాక్టరు వెనకే తిరిగి, తర్వాత మళ్లీ రాలేదు.

ఆయన అన్నట్టే మూడేళ్లకు అంతా పాడైపోయిందని రాస్తే చదువుకోవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. మొదటి ఏడు కాయ బ్రహ్మాండంగా దిగింది. రెండో ఏడూ బాగానే దిగింది. గదులు రెండూ లేచాయి. రంగు వేశారు. గోడ మీద దాతల పేర్లున్న రాయిలో ప్రెసిడెంటు పేరు కింద నా పేరూ చెక్కించారు. "మీ సైన్సు సారు ఏమేమో చెప్పె" అని ఊళ్లో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

మూడో ఏడు గొంగళిపురుగు పడింది. ఒక చేను తిని రోడ్డు దాటి ఇంకో చేనికి నడిచిపోయేది. బడి గోడలెక్కి లోపలికి వచ్చేది. పొడి మందు చల్లారు. పురుగుతోబాటు పిట్టలూ పడ్డాయి. ఎలుకల పోరు ఎక్కువైంది. వాటికీ మందు పెట్టారు. తర్వాత వరసగా వానలు లేవు. పైరు లేని నేల మీద ఆషాఢం గాలి లేచిందంటే, కొత్త గదుల్లో మేము పక్కవాడి ముఖం చూడలేని పరిస్థితి. పిల్లలు పలకల మీద దుమ్ము ఊది రాసుకునేవాళ్లు. నేను రుమాలు ముక్కుకు కట్టుకుని సవన్నాలు చెప్పాను. ఎనభైల మొదట్లో ఆ ఏడెకరాలను అడిగేవాడు లేడు. ఇప్పుడది నిజంగా బీడు. గడ్డి కూడా లేని బీడు. సర్కారు తుమ్మ ఒక్కటే వచ్చింది. ఆ ఊరివాళ్లు నాకు అనంతపురంలో తగిలినప్పుడు బడి గురించి మాట్లాడతారు. ఆయన గురించి ఎవరూ ఎత్తరు. పాప అన్న మాత్రం ఒకసారి ఎత్తాడు. "ఆ దినం కొట్టింటే అయిపోతాండె సార్" అన్నాడు. నేను తలూపాను.

బత్తలపల్లెకు వెళ్లాలా వద్దా అని వారం ఆలోచించి వెళ్లాను. ఆయన భార్యను నేను చూసి పదేళ్లు దాటింది. గుర్తుపట్టి, మంచం వాల్చి, లోపలికి పోయి కాఫీ తెచ్చింది. గుండెనొప్పి అని, ఉదయం నీళ్లు తోడుతూ పడిపోయాడని చెప్పింది.

"ఆ ఊరి నుంచి వచ్చినాక మనిషి మారిపోయినాడన్నా" అంది. "బడికి పోతాండె, పుస్తకంలో ఉండేది చెప్తాండె, వస్తాండె. పిల్లోళ్లను ఒక్క దినం బయటికి తీస్కపోలేదు. మీ సారు ఏం బాగా చెప్తాడమ్మా, ఒక మాట కూడా పుస్తకం దాటడు అని హెడ్మాస్టరు మెచ్చుకుంటాండె."

నేను లోటాలోకి చూస్తూ కూర్చున్నాను.

"పోయినేడు మా పెరట్లోకి పాము వచ్చె. జెర్రిపోతే అంట, పక్కింటోళ్లు చెప్పిరి. కొడదామా సారూ అని అడిగిరి. కొట్టుకోండప్పా అనె. అని లోపలికి పోయి గోడకు తిరిగి పండుకునె. రెండు దినాలు అన్నం తినలేదు."

వీధిలో మగ్గం నూలు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా వైపు కాస్త జరిగింది.

"ఆ ఊర్లో ఏం జరిగిందో నాకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదన్నా. అడిగితే ఒకటే చెప్తాండె. ఊరంతా ఒక పక్క ఉంటే సోషలు సారు ఒక్కడే నా పక్క ఉండె, బస్సుకాడికి వచ్చింది ఆయనొక్కడే అని. మీరు ఎప్పుడన్నా ఇంటికొస్తే బాగా చూసుకోవల్లని చెప్పినాడు."

ఆయన నన్ను నిజంగా నమ్మాడా? లేక ఆ ఊళ్లో ఒక్క మనిషైనా తన పక్కన ఉన్నాడని భార్యకు చెప్పుకోకుండా ఉండలేకపోయాడా? అంత చూపున్న మనిషికి ఆ రోజు బస్సు దగ్గర నా ముఖంలో ఏమీ కనబడలేదంటే నేను నమ్మలేను. ఆమెతో మాత్రం కాఫీ బాగుందన్నాను.

"రేపు శనివారం ఆయన కడాకు పనిచేసిన ఈడి బడిలో ఆయన కోసరం సంతాపసభ పెడతాండారంట. ఆయనతో పాతకాలం నుంచి పనిచేసినోళ్లు ఎవురన్నా మాట్లాడితే బాగుంటాదని అడిగిరి. మీకంటే ఎవురుండారన్నా?"

శనివారం మళ్లీ బస్సెక్కి వెళ్లాను. పటానికి దండ వేశారు. పిల్లలు ఎండలో వరసగా నిలబడ్డారు. నేను పావుగంట మాట్లాడాను. ఆయన క్రమశిక్షణ గురించి, పాఠ్యపుస్తకం మీద ఆయనకున్న పట్టు గురించి చెప్పాను. మేమిద్దరం ఎంత ప్రాణస్నేహితులమో చెప్పాను. ఆయన భార్య మొదటి వరసలో కూర్చుని ఏడుస్తూ విన్నది. సభ అయ్యాక అక్కడి హెడ్మాస్టరు నా రెండు చేతులూ పట్టుకుని, చాలా బాగా మాట్లాడారని అన్నాడు.